ఆరున్నొకటి

మిట్టమధ్యాహ్నం! అందులోనూ అమావాస్య…

మనిషి నీడ మనిషి పాదాల కిందికే దూరి దాక్కునే వేళ అది. దయ్యాలు అర్ధరాత్రి మాత్రమే తిరుగుతాయని పట్నంవాళ్ళు అనుకుంటారు. అనంతపురం మెట్టల్లో పుట్టి పెరిగినవాళ్ళను అడిగితే వేరే మాట చెబుతారు. సూర్యుడు నడినెత్తిన నిలబడి, గాలి స్తంభించి, కాకి సైతం నోరు మూసుకునే ఆ కాసేపే అసలు భయమంటారు. సరిగ్గా అటువంటి ఘడియలో శింగనమల దాటి, తారురోడ్డు వదిలి, ఎర్రమట్టి దారిలో ఒక స్కూటీ ఎగిరెగిరి పడుతూ పోతోంది. వెనక సీటుకు డేరా మూట కట్టి ఉంది. నడుపుతున్నది ఆడపిల్ల. ఒంటరిగా!

ఆమె పేరు రేఖ. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఎండాకాలం మొదట్లో ఆమె తండ్రి నారాయణ పోయాడు. ఒక్కతే సంతానం కాబట్టి ఆసుపత్రి పరుగుల దగ్గర్నుంచి తలకొరివి దాకా అన్నీ తానే చేసింది. చేసింది గానీ, కంట ఒక్క చుక్క రాలేదు. పాడె లేచినప్పుడు రాలేదు, చితి అంటించినప్పుడు రాలేదు, దివసాల నాడు కూడా రాలేదు. చుట్టాలు గుసగుసలాడుకున్నారు. తల్లి సుబ్బలక్ష్మమ్మ అయితే మొహం మీదే అనేసింది, నీది గుండె కాదు, తాడిపత్రి బండ అని. ఆ మాట గుచ్చుకున్నా కన్నీళ్ళు రాలేదు. రాత్రిళ్ళు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మెలకువ వచ్చేది, ఊపిరాడేది కాదు. లోపల గడ్డకట్టినది బయటికి రాకపోతే తాను బతకనని ఆమెకు తెలిసిపోయింది. చిన్నప్పుడు తండ్రి సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి ఎర్రకాళ్ళ కొంగల్ని చూపించిన చోటు ఈ తంగేడు మడుగు. దాన్నిప్పుడు చిత్తడి నేలల పార్కు చేశారని, డేరా వేసుకుని ఉండొచ్చని ఎవరో చెప్పారు. మనుషులు చూడని చోట ఒక్క రాత్రి కూర్చుంటే నాయన కోసం ఏడుపు వస్తుందేమోనన్నదే ఆమె ఆశ.

దారికి రెండు పక్కలా భూమి చచ్చి పడి ఉంది. వాన మొహం చాటేసి మూడేళ్ళయింది. వేరుశనగ మొలిచింది మొలిచినట్టే మాడిపోయింది. బోర్లు గాలి కక్కుతున్నాయి. ఆకాశంలో మబ్బులు లేవా అంటే ఉన్నాయి. నల్లగా, బరువుగా, కడుపుతో ఉన్న గొడ్లలాగా వస్తాయి, ఉరుముతాయి, ఒక్క చుక్క రాల్చకుండా పోతాయి. అటువంటి చోట హఠాత్తుగా ఒక మలుపు తిరిగేసరికి కళ్ళు జిగేల్మనేటంత పచ్చగా, బత్తాయిలు వేలాడుతూ చీనీ తోట! దాని వెనక కట్ట, కట్ట వెనక నీళ్ళు. నిండుగా, అంచులు ఒరుసుకుంటూ, ఒక్క అల కూడా లేకుండా తంగేడు మడుగు.

గేటు ముందు తుమ్మచెట్టు కింద నాలుగు గొర్రెల్ని పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. పేరు సుంకమ్మ. స్కూటీ ఆగిందో లేదో లేచి వచ్చి, ఎవరి పిల్లవు, ఏ ఊరు, మొగుడున్నాడా అని మూడు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడిగేసింది. ఒంటరిగా ఉండటానికి వచ్చానని రేఖ చెప్పగానే ఆమె మొహం నల్లబడింది. పొద్దు గుంకక ముందే తిరిగి పొమ్మంది. ఎందుకని అడిగితే కట్ట వైపు చూసి గొంతు తగ్గించింది. ఆ చీనీ తోట బయ్యన్నదట. పార్కు తాళాలూ ఆయన దగ్గరే ఉంటాయట. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన మాటకు తలూపుతాయి. ఆయన కొడుకు ఈ సుంకమ్మ కూతురు భారతిని ఇష్టపడి చేసుకున్నాడు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల తన ఇంట్లో దీపం పెట్టడం బయ్యన్నకు గిట్టలేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకు భారతికి పుట్టిన మగబిడ్డ మడుగులో పడి చచ్చిపోయాడు. ఆ వెంటనే కొడుకూ కనపడకుండా పోయాడు. ఇదీ కథ.

"దాని బిడ్డ సచ్చిపోతే దాన్ని ఏడ్సనీలేదు పాపా," అంది సుంకమ్మ. "నన్ను ఈ గేటు దాటనీలేదు. ఆపొద్దు నుంచి ఈడే కూసుంటాండా. లోపల నా బిడ్డ కనపడితే ఎట్లుండాదో సూసొచ్చి చెప్పు. అంతే నేనడిగేది."

చూసి చెబుతానని రేఖ మాటిచ్చింది. ఆ మాట ఇచ్చి ఉండకపోతే ఆమె వెనక్కి తిరిగేదేమో, మనకు తెలియదు.

గేటుకు ఆవేళ తాళం లేదు. పార్కు అన్నారే గానీ అక్కడ పార్కు లక్షణాలేమీ లేవు. పక్షుల బొమ్మలు వేసిన బోర్డు ఎండకు వెలిసిపోయింది. టికెట్ల గదికి సాలెగూళ్ళు పట్టాయి. పక్షుల్ని చూడటానికి కట్టిన ఇనప మంచె ఒకటి తుప్పు పట్టి నిలబడి ఉంది. అన్నిటికంటే వింత ఏమిటంటే పక్షుల పార్కులో పక్షి లేదు! అంత నీటి మీద ఒక్క బాతు లేదు, ఒడ్డున ఒక్క కొంగ లేదు. ఎర్రకాళ్ళ కొంగలు ఉన్నాయి గానీ కట్టకు అవతల, మోడుబారిన చెట్ల మీద, నీటికి వీపు పెట్టి కూర్చున్నాయి. దాహంతో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అయినా దిగి రావడం లేదు.

రేఖ డేరా వేసుకుని, మొహం కడుక్కుందామని నీటిలో చెయ్యి పెట్టింది. చల్లగా లేవు నీళ్ళు. ఒంటి వేడితో, గోరువెచ్చగా ఉన్నాయి. పెదాలకు తగిలిన చుక్కను నాలుకతో చూసి ఉలిక్కిపడింది. ఉప్పు! సముద్రం ఎక్కడ, ఈ కరువు సీమ ఎక్కడ? ఆ రుచి ఆమెకు బాగా తెలుసు, ఎక్కడిదో మాత్రం గుర్తు రాలేదు.

ఎండ చల్లబడుతుండగా బయ్యన్న తనే వచ్చాడు. మల్లెపువ్వులాంటి పంచె, నుదుట గంధం, నోటి నిండా నవ్వు. చూడగానే చేతులెత్తి మొక్కాలనిపించే పెద్దమనిషి! ఆయన వెనక సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి ఉన్న గిన్నె పట్టుకుని ఒక మనిషి నడిచి వచ్చింది. ఆమె భారతి. రేఖ ఆమెను చూసి పలకరించబోయి ఆగిపోయింది. భారతి కళ్ళు రెప్ప వేయడం లేదు. తెరిచిన కనుగుడ్ల మీద దుమ్ము పేరుకుని ఉంది, అటక మీది ఇత్తడి సామాను మీద పేరుకున్నట్టు. ఒక ఈగ వచ్చి ఎడమ కంటి మీద వాలింది. నల్లగుడ్డు మీద నింపాదిగా నడిచింది. భారతి రెప్ప కదలలేదు…

బయ్యన్న ఇదేమీ చూడనట్టే కూర్చుని, ఊరూ పేరూ అడిగి, ఒంటరిగా రావడానికి కారణం అడిగాడు. ఎంత ఆప్యాయంగా అడిగాడంటే ఆమె తండ్రి పోయిన సంగతి చెప్పేసింది.

"అయ్యో… మరి కంట్లో నీళ్ళొచ్చినాయా పాపా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా. ఒక్క చుక్కా రాలేదు."

పెళ్ళి భోజనం చేసి లేచినవాడిలా బయ్యన్న తృప్తిగా నిట్టూర్చాడు. అడిగేటప్పుడు ఏడుపు అన్న మాటను ఆయన నోటితో పలకకుండా తప్పించాడని రేఖ అప్పుడు గమనించలేదు. మీ అమ్మ బయట ఎదురుచూస్తోందని భారతితో చెప్పబోయింది. నోరు తెరిచిందో లేదో బయ్యన్న ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. దానికి మతి లేదు, మాట్లాడించొద్దు అన్నాడు. నవ్వు అలాగే ఉంది, గొంతులో మాత్రం కత్తి కనపడింది.

వాళ్ళు పోగానే రేఖ సంగటి ముట్టకుండా పక్కన పెట్టి డేరా పీకేసింది. సుంకమ్మ చెప్పిన మాట నిజమని ఆమెకిప్పుడు అనుమానం లేదు. మూట కట్టి, స్కూటీ ఎక్కి, కట్ట మీదుగా గేటు వైపు తిప్పింది. కట్ట మొదట్లో దారికి అడ్డంగా ఒక బూడిద గీత ఉంది. వచ్చేటప్పుడు అది లేదు! గీత మీద కోసిన నిమ్మకాయలు, వాటి మీద కుంకుమ. స్కూటీ అక్కడికి వచ్చి, పీక నొక్కినట్టు గురక పెట్టి ఆగిపోయింది. దిగి పరిగెత్తబోయింది. కాళ్ళు గీత దాకా వచ్చాయి, గీత దాటలేదు. అరిచింది. గేటు అవతల సుంకమ్మ గొర్రెల్ని అదిలిస్తూ కనబడుతూనే ఉంది. కానీ ఆ అరుపు గీత మీదే పడిపోయింది, అవతలికి చేరలేదు.

పొద్దు గుంకింది…

అదేమి సంధ్య! పశ్చిమ దిక్కంతా రక్తకుంభం పగిలినట్టు ఎరుపెక్కింది. మోడుచెట్ల మీది కొంగలు ఒక్కసారిగా లేచి దిక్కు తెలియకుండా ఎగిరిపోయాయి. తోటలోంచి గుడ్లగూబ ఒకటి వికృతంగా కూసింది… దానికి మరొకటి బదులు పలికింది… ఆకాశాన్ని కాలమేఘాలు కమ్ముకున్నాయి. ఫెళఫెళమని ఉరుములు, కళ్ళు బైర్లు కమ్మే మెరుపులు. వాన మాత్రం లేదు. నిశ్చలమైన ఆ జలరాశి లోపలి నుంచి ఎవరో అనేకమంది మూలుగుతున్నట్టు ఒక ధ్వని మొదలైంది.

బయ్యన్న వచ్చాడు. మల్లెపువ్వు పంచె లేదు. నల్లగుడ్డ చుట్టుకుని, ఒళ్ళంతా చితాభస్మం పులుముకుని, కళ్ళు చింతనిప్పుల్లా మండుతూ వచ్చాడు. మొలలో కత్తి, చేతిలో ఒక చేట ఉన్నాయి. చేటలో పసుపు, పసుపులో ఒక కపాలం. చిన్నది… దోసిట్లో పట్టేంత చిన్నది! అది ఏ బిడ్డదో రేఖకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వెనకే భారతి వచ్చి నీటి అంచున నిలబడింది. మెరుపు వెలుగులో ఆమె ఎండిన కళ్ళు గాజు పెంకుల్లా మెరిశాయి.

ఒడ్డున వరసగా మట్టి కుండలు పెట్టి ఉన్నాయి. చివరిది ఖాళీది. మిగతా ఆరింటి మూతులూ ఎర్రగుడ్డతో బిగించి ఉన్నాయి, లోపల ఏదో కదులుతోంది. బయ్యన్న హుంకరించగానే రేఖ మోకాళ్ళు వాటంతట అవే మడతపడి ఆమె ఆ ఖాళీ కుండ ముందు కూలబడింది.

"అరుసుకో. ఎవురొస్తారు?" అన్నాడు బయ్యన్న. "ఒంటరిగా వచ్చినోళ్ళను ఎతుక్కుంటా ఈ దిక్కు ఎవురూ రారు. కంట్లోంచి బయటికి రాని నీళ్ళు యాడికీ పోవు పాపా, లోపలే ఉంటాయి. అవే నాకు కావాల. నా చెరువులో ఉండేదంతా ఆ నీళ్ళే."

అప్పుడు తెలిసింది రేఖకు, తాను మధ్యాహ్నం నాలుకతో చూసిన రుచి ఏమిటో. కన్నీళ్ళు! కరువులో ఎండని ఈ మడుగంతా కన్నీళ్ళు!

ఆయన దాచుకోలేదు. విజయం అంచున నిలబడ్డవాడికి చెప్పుకోవాలని ఉంటుంది కదా. కరువు మొదలవుతుందని గ్రహించి, తన తోట ఎండకూడదని, ఈ మడుగులోని గంగమ్మనే కట్టేయాలని పూనుకున్నాడట. మనవణ్ణి స్వహస్తాలతో నీటిలో ముంచి, ఆ పసి కపాలం మీద మంత్రం పెట్టాడట. శోకంతో పిచ్చిదైన భారతి నోరు తెరిచి ఏడ్చే లోపల ఆమె కళ్ళను బంధించి, గంగమ్మను ఆ దేహంలోకి దించి మూసేశాడట. కళ్ళు చెమర్చని మనిషిలో కూర్చుని గంగమ్మ ఎలా కురుస్తుంది? అందుకే ఈ సీమలో మబ్బులు వట్టిపోయాయి. కట్టు నిలవాలంటే చచ్చినవాళ్ళ కోసం ఏడ్వలేకపోయినవాళ్ళు కావాలి. మొదటి కుండలో ఉన్నది బిడ్డను పోగొట్టుకుని కొయ్యబారిపోయిన కన్నకొడుకే! ఆ తర్వాత ఇటుగా ఒంటరిగా వచ్చిన దిక్కులేనివాళ్ళు. ఈ చివరి కుండ నిండితే కట్టు శాశ్వతం. గంగమ్మ యుగయుగాలు బయ్యన్న ఇంటి దాసి!

ఆయన ఒక ఇత్తడి పడి తీసి రేఖ చేతిలో పెట్టాడు. ధాన్యం కొలిచే పడి. మడుగులో నీళ్ళు ముంచి కుండకొక పడి పోయాలన్నాడు. పోస్తూ పైకి లెక్క చెప్పాలన్నాడు.

"ఇచ్చేవాళ్ళే కొలవాల. తీసుకునేవాడు పడి ముట్టగూడదు," అన్నాడు. "కల్లం లెక్క చెప్పల్ల. లాభంతో మొదలుపెట్టు. ఆరు అయినాక ఆరున్నొకటి అను. నీ బడి లెక్క చెప్పినావంటే నాలిక కోసేస్తా."

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆయన చూపు రేఖ మీద లేదు. చటుక్కున భారతి మీదికి పోయి వచ్చింది. ఆ చూపులో భయం ఉంది. కన్నకొడుకును కుండలో పెట్టినవాడికి ఒక లెక్క తప్పితే భయమా!

రేఖ చేతులు తన చేతులు కానట్టు నీళ్ళు ముంచాయి. మొదటి కుండ మీద పోసింది. "లాభం." కుండలోంచి ఒక మగగొంతు మూలిగింది. "రెండు." ఇంకొక మూలుగు. ఉరుము నెత్తి మీదే పగిలింది. ఒక్కొక్క పడికీ ఆమె ఒంట్లోంచి వేడి కారిపోతోంది. పాదాలు మొద్దుబారాయి, నడుము మొద్దుబారింది. చూపు మసకేసింది. అయిదు అన్నప్పుడు ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. ఆరు అనేసరికి గుండె ఒక్కొక్క దెబ్బకూ మధ్య చాలాసేపు ఆగుతోంది. చివరి పడి ముంచింది. ఖాళీ కుండ నోరు తెరుచుకుని ఆమె కోసమే చూస్తోంది.

కల్లం లెక్క… ఆమెకు తెలుసు. తెలియకపోవడమేమిటి! శనక్కాయలు రాశి పోసిన కల్లంలో తండ్రి పక్కన కూర్చుని తానూ కొలిచేది. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆరు తర్వాత వచ్చే అంకె ఒకసారి బడిలో నేర్చుకున్నట్టే గొప్పగా పైకి అనబోయింది. తండ్రి గభాలున అరచేత్తో నోరు మూశాడు. మట్టి వాసన, పచ్చి శనక్కాయ వాసన వేసే అరచెయ్యి. ఆ మాట అనగూడదు తల్లీ, అది వింటే ఏడుపొస్తాది, రాశి ముందర ఎవురూ ఏడ్సగూడదు, ఆరున్నొకటి అనాల అని నవ్వాడు. నవ్వుతూనే ఆ చెయ్యి ఆమె చెంప మీద కాసేపు ఉంచాడు.

ఆ చెయ్యి ఇక లేదు.

ఎండాకాలం నుంచీ గొంతులో అడ్డం పడి ఉన్నది కదిలింది. చితి ముందు కదలనిది, తల్లి తిట్టినా కదలనిది, ఒక శనక్కాయల వాసనకు కదిలింది. రేఖ కళ్ళు నిండాయి. చెంప మీదికి ఒక వేడి చుక్క జారింది. జారినచోట మొద్దుబారిన ఒంటికి ప్రాణం వచ్చింది. ఆ ప్రాణంతో పాటే తెలివీ వచ్చింది. బయ్యన్న ఆ మాటను ఎందుకు పలకడో, తల్లిని గేటు దాటి ఎందుకు రానివ్వడో, ఆ చూపులో భయం ఎందుకుందో అన్నీ ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. సీమలో ఏ మనిషీ కొలిచేటప్పుడు పలకని మాట అది. ఆ అలవాటునే అడ్డం పెట్టుకుని ఆయన గంగమ్మను కట్టేశాడు.

ఆమె పడిని కుండలో పోయలేదు. భారతి వైపు తిరిగింది.

"ఏడు," అంది.

బయ్యన్న పెనుకేక పెట్టి దూకాడు. ఆమె జుట్టు పట్టుకున్నాడు, కత్తి పైకి లేచింది. రేఖ ఆగలేదు.

"ఏడు భారతీ. నీ బిడ్డ కోసం ఏడు."

భారతి కనురెప్పలు కదిలాయి. మెల్లగా, తుప్పు పట్టిన తలుపులు మూసుకున్నట్టు మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. దుమ్ములో ఒక తడి గీత పడింది. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క జారి నేల మీద పడింది…

ఆకాశం బద్దలైంది!

అది ఏడుపు కాదు. కొండలు కూలుతున్న ధ్వని, శతకోటి ప్రవాహాల ఘోష. భారతి దేహం తాటిచెట్టంత ఎత్తున లేచినట్టు కనపడింది. విరబోసుకున్న కేశాలు మబ్బులను తాకాయి, రెండు కళ్ళూ రెండు జలపాతాలయ్యాయి. గంగమ్మ! దిగ్బంధం తెంచుకున్న జలశక్తి! ఆరు కుండలూ ఫటఫటమని పగిలాయి. బయ్యన్న రేఖను వదిలి, కత్తి పారేసి, పిడికెడు భస్మం విసిరి, తనకు వచ్చిన మంత్రాలన్నీ చదివాడు. భస్మం తడిసి ఆయన మొహానికే అంటుకుంది. మంత్రం నాలుక మీదే మెలిపడి నోట్లో ఇరుక్కుపోయింది. పారిపోబోయాడు. కట్ట మొదట్లో తాను గీసిన గీత మీదనే కాళ్ళు ఆగిపోయాయి.

"నువ్వూ ఏడు, బయ్యన్నా," అంది గంగమ్మ. ఆ గొంతులో ఆరుగురి గొంతులు, ఒక పసిబిడ్డ గొంతు కలిసి ఉన్నాయి.

ఆయన ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి కోసమూ ఏడ్వని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. మొదట నీళ్ళు వచ్చాయి. నీళ్ళు అయిపోయాక రక్తం వచ్చింది. రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి కారింది. రక్తమూ అయిపోయాక ఇసుక రాలింది. సన్నటి, ఎర్రటి, అనంతపురం మెట్టల ఇసుక. చర్మం ఎముకలకు అంటుకుపోయింది, నోరు తెరుచుకునే ఉండిపోయింది. వాన ఆయన మీద పడుతోంది గానీ ఒక్క చుక్క లోపలికి ఇంకలేదు. ఎండిన తోలుతిత్తిలా బయ్యన్న కట్ట మీద పక్కకు ఒరిగాడు.

మడుగు లేచింది. కట్ట నడిమికి తెగింది. ఎవరో చేత్తో ఎత్తి పెట్టినట్టు రేఖ ఇనప మంచె మీద పడింది. ఆమె కింద నుంచి ఆ ఉప్పునీళ్ళన్నీ హోరుమంటూ పోయి చీనీ తోటను వేళ్ళతో సహా ఊడ్చుకుపోయాయి. రాత్రంతా కుండపోత. రేఖ మంచె పట్టుకుని, ఆ వానలో, నాయనా నాయనా అంటూ గొంతు పోయేదాకా ఏడ్చింది.

తెల్లవారేసరికి వాన తగ్గింది. తంగేడు మడుగులో నీళ్ళు లేవు. మోకాటి లోతు బురద, బురదలో అక్కడక్కడ మనుషుల ఎముకలు, వాటి మధ్య తాపీగా నడుస్తూ ఎర్రకాళ్ళ కొంగలు. ఊళ్ళవాళ్ళు కట్ట తెగినచోట గుంపుగా నిలబడి చూస్తున్నారు. మూడేళ్ళ తర్వాత వాన పడ్డ మొహాలు అవి.

మడుగు నడుమ భారతి కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న కపాలం, దాని మీద కొంగు కప్పి రెండు చేతులూ వేసి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. దేవత వెళ్ళిపోయాక మనిషి మిగలలేదు. మొహం మాత్రం ఇంకా తడిగానే ఉంది.

రేఖ ఆమె పక్కకు చేరేసరికి సుంకమ్మ గేటు దాటి, బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. కూతురు ముందు కూలబడి, మొహం మీద చెయ్యి వేసి, ఆ తడిని వేళ్ళతో తాకి చూసింది. అది వాన నీళ్ళో కావో తేల్చుకోలేక రేఖ వైపు తలెత్తింది.

"నా బిడ్డ ఏడ్సిందా?" అని అడిగింది.

"ఏడ్సింది పెద్దమ్మా. దాని బిడ్డను తలుసుకోని ఏడ్సింది."

"గట్టిగానా?"

"గట్టిగా."

సుంకమ్మ చాలాసేపు తల ఊపింది. కపాలాన్ని కొంగుతో సహా తన ఒళ్ళోకి తీసుకుంది. కూతురి తలను భుజానికి ఆనించుకుని జుట్టులోని బురదను ఒక్కొక్క పాయగా తీయసాగింది.

"నువ్వింటికి పో పాపా. మీయమ్మ ఎదురుసూస్తా ఉంటాది," అంది. "ఇంగ నేనేడుస్తాలే."

రేఖ లేచి కట్ట వైపు నడిచింది. ఆమె గట్టు ఎక్కకముందే వెనక నుంచి ఆ ముసలిగొంతు మొదలైంది. ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరే తలగుడ్డలు తీసి బురదలోకి దిగారు.